వంద గడపల దీవికి ముందు ఏది తేల్చాలి: ఇల్లా, పన్నా, కరెంటా?

పులికాట్_కొంగ (తడ)

అందరికీ నమస్కారం. ఎస్వీ విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనలో పీజీ చదువుతున్నాను. సెమినారుకు చిన్న దీవుల ఇళ్లు, పన్నులు, కరెంటు విధానాలను అంశంగా తీసుకున్నాను. తిరుపతిలో కూర్చొని దీవులెందుకమ్మా అని హాస్టల్లో అప్పుడే ఎగతాళి మొదలైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు శ్రీహరికోట, పులికాట్ సరస్సులోని ఇరకం మన జిల్లాలోకే వచ్చాయి. ఈ సంగతి తిరుపతివాళ్లకే ఎక్కువమందికి తెలియదు. భీములవారిపాలెం రేవులో పడవెక్కితే దీవి అంటే ఏమిటో అర్థమవుతుంది. సిమెంటు బస్తా అయినా, గ్యాసు సిలిండరు అయినా, పెళ్లి కుర్చీలైనా నీళ్లు దాటి రావలసిందే.

మూడు అధ్యాయాలు విడివిడిగా రాయమని మా గైడు సలహా. ఏ అధ్యాయం మొదలుపెట్టినా రెండో పేజీకల్లా మిగతా రెండూ వచ్చి అడ్డం పడుతున్నాయి. ఒక దీవి పంచాయతీ కూర్చొని తేల్చుకోవలసి వస్తే ముందు ఏది తేల్చాలి? ప్రపంచంలో ఏ దీవులను చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

తోతాపురి (బంగారుపాళెం)

ఇందులో తేల్చడానికి ఏముందమ్మా? పన్నులు రద్దు చేయండి. ఇంటింటి మీదా సోలార్ పలకలు పెట్టండి. తలా మూడు సెంట్లు రాసివ్వండి. సెమినారు అయిపోయింది. నీళ్ల మధ్య ఉన్న వందమంది దగ్గర పన్ను వసూలుకు వెళ్లే ఉద్యోగి పడవ ఖర్చు, వచ్చే పన్నుకంటే ఎక్కువవుతుంది. ఇదే వేదికలో మామిడికాయ ధర గురించి నేను రాస్తే ఇద్దరే పలికారు. దీవులనేసరికి చూడండి, పేజీలు నిండుతాయి.

గాలిగోపురం (తిరుపతి)

తోతాపురి గారూ, పలకలు పెట్టడం సులువే. రాత్రి ఏడు గంటలకు ఏమి చేస్తారు?

తిరుపతిలో మేడమీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. పగలు మిగిలింది గ్రిడ్డుకు పోతుంది, రాత్రి కావలసింది గ్రిడ్డు నుంచి వస్తుంది, నెట్ మీటరు లెక్క చూసుకుంటుంది. అంటే మన బ్యాటరీ గ్రిడ్డే. దానికి మనం వేరే ఖర్చు పెట్టలేదు కాబట్టి సోలార్ చవకగా కనిపిస్తుంది. తీగ లేని దీవిలో ఆ బ్యాటరీ కూడా మీరే కొనాలి.

అమ్మాయీ, నువ్వు ముందు చూడవలసింది స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న ఎగ్ దీవి. 31 చదరపు కిలోమీటర్లు, వందమందికి అటూ ఇటూ జనం. ప్రధాన భూభాగం నుంచి కరెంటు తీగ లేదు. 2008 వరకు ఎవరి డీజిల్ జనరేటరు వారిదే. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి ఊరి సొంత కరెంటు సంస్థ 24 గంటలూ సరఫరా చేస్తోంది. కొండవాగుల మీద మూడు చిన్న జలవిద్యుత్ యూనిట్లు ఉన్నాయి, వాటిలో పెద్దది 100 కిలోవాట్లు. నాలుగు చిన్న గాలిమరలు, సోలార్ పలకలు, ఒక బ్యాటరీ గది కూడా ఉన్నాయి. ఇవేవీ చాలని రోజుకు డీజిల్.

యంత్రాల సంగతి అలా ఉంచండి. అసలు విషయం ఒక నియమం. ఏ ఇల్లూ ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు. వ్యాపారాలకు 10. దాటితే ఆ ఇంటికి సరఫరా తెగిపోతుంది. ఇంట్లో చిన్న మీటరు ఎంత వాడుతున్నారో ఎప్పటికప్పుడు చూపిస్తూ ఉంటుంది. అక్కడి కెటిల్ ఒక్కటే 3 కిలోవాట్లు లాగుతుంది. బట్టలుతికే యంత్రం నీళ్లు వేడి చేసుకునేటప్పుడు ఇంకో 2 పైన. రెండూ ఒకేసారి నడిస్తే గీత దాటినట్టే. అందుకని టీ పెట్టుకునే ముందు ఉతుకు ఎంతవరకు వచ్చిందో చూసుకుంటారు. మన దగ్గర ఇంటి యజమానిని మీ మంజూరు లోడు, అంటే ఒకేసారి వాడుకోవడానికి మీకిచ్చిన కిలోవాట్లు, ఎంత అని అడిగి చూడండి, పదిమందిలో ఒకరు చెబితే గొప్ప. బిల్లులో కిలోవాట్‌కు పది రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ అని ఉంటుంది, అదే ఆ లెక్క.

నీవాతీరం (చిత్తూరు)

పన్నులు లేని దీవి కావాలన్నారు కదా తోతాపురి గారు, ఒకటి ఉంది. ఇంగ్లండ్‌కు, ఫ్రాన్సుకు మధ్య ఉన్న ఇంగ్లిష్ చానల్ సముద్రంలో సార్క్. అయిదారు వందల జనం. ఆదాయపు పన్ను లేదు. కార్లు కూడా లేవు, ట్రాక్టర్లు, గుర్రపు బళ్లే. వినడానికి స్వర్గమే. అయితే ఆస్తి మీద పన్ను ఉంది, ఆదాయం లెక్క చూడరు కాబట్టి మనిషి స్థోమతను బట్టి వేసే ఇంకో పన్ను ఉంది. కరెంటు ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. బ్రిటన్‌లో కట్టే ధరకు ఎన్నో రెట్లు. 2018లో ధరల కమిషనరు రేటు తగ్గించమంటే, మాకు గిట్టుబాటు కాదు, సరఫరా ఆపేస్తామని ఆ సంస్థ చెప్పింది. ఊరంతా చీకట్లో కూర్చునే పరిస్థితి కత్తి అంచు దాకా వచ్చి ఆగింది.

నా వృత్తిలో నేను రోజూ చూసేది ఇదే. పన్ను మాయం కాదు, వేషం మార్చుకుంటుంది. సార్క్‌లో అది కరెంటు బిల్లులో దూరింది.

దానికి పక్కనే జెర్సీ. జనాభా 2021 లెక్కల్లో లక్షా మూడు వేలు, అంటే మన చిత్తూరు పట్టణం కంటే తక్కువ. ఆదాయపు పన్ను గరిష్ఠంగా 20 శాతం. కంపెనీల పన్ను మామూలుగా సున్నా, ఆర్థిక సేవల సంస్థలకు 10. ఈ సున్నా వల్ల ఖజానాలో పడిన గుంత పూడ్చడానికి 2008లో 3 శాతంతో జీఎస్టీ తెచ్చారు, 2011లో 5 చేశారు. తిండి గింజలకు కూడా మినహాయింపు లేదు. కంపెనీ వదిలిన పన్ను బియ్యం బస్తా మీద పడింది. పక్క దీవి గ్వెర్న్‌సీలోనూ ఇదే ప్రతిపాదన వస్తే 2023లో అక్కడి సభ తిప్పికొట్టింది. ఆ గొడవ అక్కడ చల్లారలేదు.

జెర్సీ_నర్సమ్మ (పుత్తూరు, ప్రస్తుతం జెర్సీ)

నీవాతీరం అన్నయ్య బియ్యం బస్తా దాకా వచ్చాక నేను మాట్లాడకుండా ఉండలేను. సోనా మసూరి మీద ఆ 5 శాతం కట్టేది నేనే.

నిజం చెప్పాలంటే ఇక్కడికి వచ్చిన మనవాళ్లకు పన్ను బాధ మూడోది. మొదటిది ఇల్లు. ఈ దీవిలో ఎవరు ఏ ఇంట్లో ఉండవచ్చో చట్టం చెబుతుంది. పదేళ్లు వరసగా ఉంటే పూర్తి హక్కు వస్తుంది, అప్పుడు ఏ ఇల్లయినా కొనవచ్చు. అయిదేళ్లకు పని హక్కు మాత్రం వస్తుంది. నేను నర్సును కాబట్టి లైసెన్సు హోదా ఇచ్చారు, ఉద్యోగం ఉన్నంతకాలం మంచి ఇల్లు అద్దెకు తీసుకోగలను. మా ఆస్పత్రి పక్కన హోటల్లో గిన్నెలు కడిగే కేరళ కుర్రాడికి ఆ హోదా లేదు. అతనికి ఒక గది, ఒక ఉమ్మడి వంటగది. వంటగది గోడకు కాగితం అంటించి ఉంటుంది, ఎవరి వంట ఎన్ని గంటలకో. రాత్రి తొమ్మిది తర్వాత పోపు పెట్టకూడదని కూడా అందులో రాశారు. పోపు వాసనకు పొగ అలారం మోగుతుందట.

ఇద్దరం ఒకే విమానంలో దిగాం, కట్టే జీఎస్టీ శాతం ఒకటే, కొనే బియ్యం ఒకటే. ఇల్లు మాత్రం వేరు. మరోవైపు బాగా డబ్బున్నవాళ్లకు వేరే వాకిలి ఉంది. వాళ్లు ఏటా కనీసం ఇంత పన్ను కట్టాలని గీత గీసి, ఆ గీత దాటిన ఆదాయం మీద 1 శాతమే తీసుకుంటారు. వాళ్లకు ఇల్లు కొనడానికి పదేళ్లు ఆగే పని లేదు. అంటే ఇక్కడ ఇల్లు, పన్ను ఒకే కాగితం మీద రాసిన రెండు వాక్యాలు. చెల్లెమ్మా, నువ్వు వాటిని రెండు అధ్యాయాలు చేస్తే ఈ సంగతి ఏ అధ్యాయంలో పెడతావు?

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. ఇంటి పన్ను ఇక్కడ పారిష్, అంటే మన పంచాయతీలాంటి స్థానిక విభాగం, వేస్తుంది, మొత్తం 12 పారిష్‌లు. యజమాని వాటా వేరే, ఇంట్లో ఉంటున్నవాళ్ల వాటా వేరే. కాబట్టి అద్దెకున్నవాడు కూడా పన్ను కట్టే మనిషే.

భవానీనగర్_అద్దె (తిరుపతి)

నర్సమ్మ అక్కా, ఆ పద్ధతి మా వీధికి తెప్పించండి. ఇక్కడ ఇంటి పన్ను పెరిగితే అద్దెలో కలిపేస్తారు, రసీదు మాత్రం యజమాని పేరు మీదే.

మా అపార్టుమెంట్లో ఆరు ఫ్లాట్లు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటాయి. యజమానులు హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో ఉంటారు. దర్శనానికి వచ్చినప్పుడు దిగడానికి కొన్నారు. బ్రహ్మోత్సవాలప్పుడు కారిడార్లో చెప్పులు కనిపిస్తాయి, తర్వాత మళ్లీ తాళాలు. వాళ్ల డబ్బు, వాళ్ల భక్తి, నేను కాదనను. అదే వీధిలో మునిసిపల్ బడి టీచరుకు రెండు గదుల ఇల్లు దొరకక రేణిగుంట నుంచి వస్తున్నారు. చిన్న దీవుల్లోనూ ఇదే జరుగుతుందా? దానికి వాళ్లు ఏమి చేస్తున్నారు?

నీవాతీరం (చిత్తూరు)

అక్కడ ఇదే పెద్ద జబ్బు. వేల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద కౌన్సిల్ పన్నుకు (అక్కడి ఇంటి పన్ను) అదనంగా 300 శాతం దాకా వేసుకునే అధికారం స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చారు. స్కాట్లండ్‌లో 2024 నుంచి, ఇంగ్లండ్‌లో 2025 నుంచి రెట్టింపు దాకా వేసే వీలు ఇచ్చారు.

మన రాష్ట్రంలో 2021 నుంచి పట్టణాల్లో ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఖాళీ స్థలానికి పన్ను ఉంది. ఖాళీగా తాళం వేసి ఉంచిన ఫ్లాటుకు అదనపు పన్ను లేదు. కొన్నవాడికి తాళం ఖర్చు తప్ప ఏమీ లేదు.

గ్వెర్న్‌సీ ఇంకో దారి పట్టింది. ఇళ్లనే రెండు జాబితాలు చేసింది. ఒక జాబితాలో ఇల్లు ఎవరైనా కొని ఉండవచ్చు, ధర ఆకాశంలో ఉంటుంది. రెండోది స్థానికులకు, అనుమతి ఉన్నవాళ్లకు మాత్రమే. ఫిన్లండ్ కింద ఉన్న ఆలండ్ దీవుల్లో ప్రాంతీయ హక్కు ఉన్నవాళ్లే ప్రత్యేక అనుమతి లేకుండా స్థిరాస్తి కొనగలరు. ఆ హక్కుకు అయిదేళ్ల నివాసం, స్వీడిష్ భాష రావాలి. మన లక్షద్వీప్‌లోనూ బయటివాళ్లు అడుగుపెట్టడానికే అనుమతి కావాలి. 2021లో అక్కడ అభివృద్ధి ప్రాధికార సంస్థ నిబంధనల ముసాయిదా వచ్చినప్పుడు ఎందుకంత గొడవైంది? 32 చదరపు కిలోమీటర్లలో 64 వేలమంది ఉన్నచోట భూమిని ప్రణాళిక పేరుతో తీసుకునే అధికారం ఎవరికో ఇస్తామంటే భయపడకుండా ఎలా ఉంటారు?

తోతాపురి (బంగారుపాళెం)

సరే, పన్నుల సంగతి ఒప్పుకుంటాను. కానీ కరెంటు ఇంత ఖరీదెందుకు కావాలి? మనకు మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రెండు రూపాయల లోపే కదా ఇస్తున్నారు. దీవివాళ్లు చేసిన పాపమేమిటి?

గాలిగోపురం (తిరుపతి)

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 400 యూనిట్లు కాల్చిన ఇంటికి కరెంటు చార్జీ ఒక్కటే 2,548 రూపాయలు, మిగతా వడ్డింపులు వేరే. మొదటి స్లాబులో ఉన్నవాడి దగ్గర వచ్చే డబ్బుతో ఆ కరెంటు తయారు కాదు. ఆ లోటు కొంత పెద్ద స్లాబులవాళ్లు, పరిశ్రమలు, దుకాణాలు మోస్తాయి, మిగతాది ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తుంది. మన జిల్లాలోనే శ్రీసిటీ ఉంది. అక్కడి కర్మాగారాలు యూనిట్‌కు ఎక్కువ కడుతున్నాయి కాబట్టి మీ ఊళ్లో ఒంటి బల్బు ఇంటికి బిల్లు తక్కువ వస్తోంది.

వంద గడపల దీవిలో శ్రీసిటీ ఎక్కడిది? ఉన్నవాళ్లందరూ మొదటి స్లాబే. ఎవరి లోటు ఎవరు మోస్తారు? లక్షద్వీప్‌లో ఆ లోటును కేంద్రం బడ్జెట్ నుంచి మోస్తోంది. డీజిల్‌ను ఓడల్లో తెచ్చి మంటపెట్టి, ఖర్చులో చిన్న ముక్క మాత్రమే బిల్లులో వేస్తారు. 2024 జనవరిలో కవరత్తిలో 1.7 మెగావాట్ల సోలార్, దానితోపాటు బ్యాటరీ ప్రారంభించారు. అంతమాత్రాన డీజిల్ పోలేదు, తగ్గింది.

ఇంకొక ఉదాహరణ స్పెయిన్‌వాళ్ల ఎల్ హియెర్రో దీవి. 2014లో గాలిమరలు, అగ్నిపర్వత బిలంలో పై జలాశయం, కింద ఇంకొకటి కట్టారు. గాలి ఎక్కువైనప్పుడు నీళ్లు పైకి తోడి, గాలి పడిపోయినప్పుడు వదులుతారు. వేసవిలో వరసగా కొన్ని వారాలు డీజిల్ ముట్టుకోకుండా నడిపిన సందర్భం ఉంది. ఏడాది మొత్తం మీద చూస్తే మాత్రం సగానికి అటూ ఇటూ. నూటికి నూరు అని పత్రికల్లో చదివినప్పుడు ఏ వారం లెక్కో అడగాలి.

నర్సమ్మ తల్లీ, మీ దీవి కరెంటు ఫ్రాన్సు నుంచి వస్తుంది కదా, ఆ 2021 సంగతి చెప్పండి.

జెర్సీ_నర్సమ్మ (పుత్తూరు, ప్రస్తుతం జెర్సీ)

అవును సార్. కరెంటులో నూటికి 95 పాళ్లు సముద్రం అడుగున తీగల మీద ఫ్రాన్సు నుంచే. బ్రెగ్జిట్ తర్వాత చేపల వేట లైసెన్సుల మీద తగాదా వచ్చింది. 2021 మేలో ఫ్రాన్సు సముద్ర వ్యవహారాల మంత్రి అనిక్ జిరార్దాఁ వాళ్ల పార్లమెంటులో, జెర్సీకి తీగలు మా దగ్గర నుంచే వెళ్తున్నాయి సుమా అన్న ధోరణిలో మాట్లాడారు. తర్వాత ఫ్రెంచి పడవలు మా రేవు ముందుకు వచ్చి నిలబడ్డాయి. కరెంటు తెగలేదు. కానీ మా వార్డులో ఆ రోజు అందరూ మాట్లాడుకున్నది జనరేటర్ల గురించే. చేపల తగాదాకు, ఐసీయూకు సంబంధం ఉంటుందని పుత్తూరులో పుట్టిన నాకు ఎవరు చెప్పారు?

మాడవీధి (తిరుపతి)

ఇన్ని దీవుల పేర్లు చెప్పారు, నెత్తిన ఉన్న దీవిని ఎవరూ చూడలేదు.

మా తాతల ఇల్లు తిరుమలలో, గుడికి దగ్గరలో ఉండేది. విస్తరణ వచ్చింది, కుటుంబం కొండ దిగింది. కొందరికి పైనే బాలాజీనగర్లో ఇళ్లు వచ్చాయి. ఇది ఫిర్యాదు కాదు, కొండ ఎలా నడుస్తుందో చెప్పడానికి రాస్తున్నాను. పైన బయటి మనిషి వెళ్లి సెంటు స్థలం కొనలేడు. ఉప్పు, పప్పు, గ్యాసు అన్నీ కనుమ దారి ఎక్కి రావాలి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. నీళ్లు గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార దగ్గర కట్టుకున్న ఆనకట్టల నుంచి. వానలు తప్పితే కింద నుంచి తోడాలి. గాలిమరలు కూడా ఉన్నాయి, పాపవినాశనం వైపు వెళ్లేవాళ్లు చూసే ఉంటారు. చుట్టూ ఉప్పు నీళ్లకు బదులు అడవి ఉంది, అంతే తేడా.

అక్కడ పెరిగినవాళ్లకు తెలిసింది ఏమిటంటే, నేల ఎవరిదో వాళ్లే మిగతావన్నీ తేలుస్తారు. కరెంటు లైను ఎక్కడికి వేయాలి, కొట్టు ఎవరికి ఇవ్వాలి, కొడుక్కి పెళ్లయితే ఇంకో గది కట్టుకోవచ్చా లేదా, అన్నీ. గాలిగోపురం గారు ఎగ్ దీవి కరెంటు చెప్పారు గానీ దానికి ముందు కథ చెప్పలేదు.

గాలిగోపురం (తిరుపతి)

నేల సంగతి కావాలనే మీకు వదిలాను మాడవీధి గారూ. 1997 జూన్ దాకా ఎగ్ దీవి మొత్తం ఒక్కరి ఆస్తి. యజమాని మారితే అందులో ఉన్న మనుషులతో సహా దీవి చేతులు మారేది. ఇళ్లలో ఉన్నవాళ్లకు గట్టి కౌలు పత్రాలు లేవు, కాబట్టి కప్పు కారుతున్నా ఎవరూ సొంత డబ్బుతో బాగుచేసుకోలేదు. చందాలు పోగుచేసి, పదిహేను లక్షల పౌండ్లకు దీవిని కొని, ఊరివాళ్ల ట్రస్టు చేతిలో పెట్టారు. ఆ తర్వాత పదకొండో ఏట కరెంటు. ఆ క్రమం గమనించమ్మా కొంగా: ముందు నేల, తర్వాత కౌలు పత్రం, ఆ తర్వాతే తీగ. అప్పుడు అరవై పైచిలుకు ఉన్న జనం వంద దాటారు.

డెన్మార్క్‌లో సామ్సో దీవి కూడా యాజమాన్యం గురించే చెబుతుంది. గాలి, ఎండ లాంటి తరగని వనరులతోనే నడిచే దీవి కోసం 1997లో ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచింది. నేల మీద ఒక్కో మెగావాట్ చొప్పున 11 గాలిమరలు, సముద్రంలో 2.3 మెగావాట్ల చొప్పున 10. నేల మీదవాటిలో ఎక్కువ రైతులవి, రెండు సహకార సంఘాలవి. సముద్రంలోవాటిలో అయిదు మునిసిపాలిటీవి. ఇళ్లు వెచ్చబెట్టడానికి గడ్డి కాల్చే కేంద్రాలు ఉన్నాయి. అక్కడ గాలిమర చప్పుడు గురించి పెద్దగా గొడవ రాలేదంటే, అందులో తమ వాటా తిరుగుతోంది కాబట్టి. పులికాట్‌లో మాత్రం గాలిమరల ఆలోచన వద్దు. అది పక్షుల అభయారణ్యం, ఫ్లెమింగోల దారిలో రెక్కలు తిప్పకూడదు.

భవానీనగర్_అద్దె (తిరుపతి)

కేంద్రం సోలార్ సబ్సిడీకి మొదటి షరతే సొంత ఇల్లు, సొంత కప్పు. నేను అడిగితే, మీ యజమానిని దరఖాస్తు చేయమనండి అన్నారు. ఆయనకు కరెంటు బిల్లు లేదు, ఆ బిల్లు నాది. ఆయన ఎందుకు చేస్తాడు? ఎగ్‌లో కారే కప్పు కథ, మా మేడ కథ ఒకటే.

తాళం వేసిన ఆ ఆరు ఫ్లాట్ల మీద కప్పు కూడా ఉమ్మడిదే. సంఘం సమావేశానికి యజమానులు రారు, కోరం లేక సోలార్ తీర్మానం వాయిదా పడుతూనే ఉంది.

వేదిక నిర్వాహకులు

తిరుపతి అద్దెల మీద వచ్చిన మరో పద్నాలుగు జవాబులను వేరే చర్చలోకి మార్చాం. బాధ న్యాయమే, కానీ ఈ అమ్మాయికి సెమినారు గడువు ఉంది. దయచేసి దీవికి రండి.

పులికాట్_కొంగ (తడ)

అందరికీ కృతజ్ఞతలు. అధ్యాయాల విభజన మార్చేశాను. ఇప్పుడు మొదటి అధ్యాయం పేరు "కప్పు ఎవరిది". పన్ను, కరెంటు రెండూ దాని కిందకే వస్తాయి.

ఒక సందేహం గాలిగోపురం సార్‌కు. ఎగ్‌లో వాన ఎక్కువైన రోజు మిగిలిన కరెంటుతో ఊరి సమావేశ మందిరాన్ని, చర్చిని వెచ్చబెడతారని చదివాను. మా వైపు వెచ్చబెట్టే పని సూర్యుడే చేస్తాడు. మాకు కావలసింది ఐసు. రొయ్య, చేప పడవ దిగేసరికి ఐసు లేకపోతే దళారి చెప్పిందే ధర. ఐసు గడ్డలు ఒడ్డు నుంచి పడవలో వస్తే దారిలోనే కొంత కరిగిపోతుంది. మధ్యాహ్నం మిగిలే సోలార్‌తో దీవిలోనే ఐసు చేస్తే, బ్యాటరీ ఖర్చు కొంతైనా తప్పదా?

గాలిగోపురం (తిరుపతి)

తప్పుతుంది. లెక్క చూద్దాం. మన వేడిలో టన్ను గడ్డ ఐసుకు సుమారు 60 యూనిట్లు. కిలోవాట్ సోలార్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. 30 కిలోవాట్లు పెడితే 120 యూనిట్లు, అంటే రెండు టన్నుల ఐసు. రాత్రి కరెంటు నిలవ చేయడానికి బ్యాటరీ కొనాలి గానీ, ఐసు నిలవ చేయడానికి మందపాటి గోడల గది చాలు. పగలు ఎండ ఉన్నప్పుడు యంత్రం నడుస్తుంది, మబ్బు పడితే ఆగుతుంది, ఎవరింట్లోనూ ఫ్యాను ఆగదు. గ్రామానికి శ్రీసిటీ లేదన్నాను కదా, ఈ ఐసు గది ఆ లోటు కొంత తీరుస్తుంది. పగటి కరెంటుకు డబ్బిచ్చి కొనే ఖాతాదారు దొరికినట్టే.

30 కిలోవాట్లకు సుమారు 300 చదరపు మీటర్ల చోటు కావాలి. ఒక్కో ఇంటి మీద కాకుండా ఒకే కప్పు దొరికితే మేలు. ఉప్పుగాలికి ఇనుప చట్రాలు తుప్పు పడతాయి, గాల్వనైజ్ చేసినవే (జింకు పూత వేసినవే) వాడాలి. తుపాను గాలికి పలకలు ఎగిరిపోకుండా బోల్టులు ఏడాదికొకసారి బిగించే మనిషి దీవిలోనే ఉండాలి. ఒడ్డు నుంచి మెకానిక్కు వస్తాడని రాసుకుంటే ఆ పథకం మొదటి తుపానుకే పోతుంది. నా ఉద్యోగ జీవితంలో చూసిన పాడైన సోలార్ దీపాల్లో చాలావాటికి రోగం ఒక్కటే, విప్పి చూసే దిక్కు లేకపోవడం.

తోతాపురి (బంగారుపాళెం)

ఐసు అన్నాక నాకు కూడా ఆసక్తి పుట్టింది. రెండు టన్నులు ఎవరు కొంటారు, ఏ నెలల్లో కొంటారు? మామిడి గుజ్జు కర్మాగారాల సంగతి చూస్తున్నాం కదా, సీజనులో చాలదు, మిగతా నెలల్లో తాళం. వేట లేని రోజుల్లో ఆ యంత్రం ఏమి తింటుంది?

గాలిగోపురం (తిరుపతి)

ఈసారి తోతాపురి గారే సరైన చోట పట్టుకున్నారు. వేట తగ్గే నెలల్లో ఆ కరెంటు తాగునీటి మోటారుకు, పిండి మరకు మళ్లించాలి. అది ముందే రాసుకోవాలి. అమ్మాయీ, ఏ నెలలో ఎన్ని పడవలు వెళ్తాయో, ఒక్కో పడవకు ఎంత ఐసు పడుతుందో కనుక్కో. ఆ పట్టిక లేకుండా 30 కిలోవాట్లు అన్న నా అంకెకు విలువ లేదు.

పులికాట్_కొంగ (తడ)

ఆదివారం రేవుకు వెళ్తున్నాను, అడుగుతాను సార్. పెద్ద కప్పు అంటే బడి భవనమే కనిపిస్తోంది. నీవాతీరం గారూ, ఐసు అమ్మిన డబ్బు పంచాయతీ ఖాతాలో పడాలా, మత్స్యకారుల సహకార సంఘం ఖాతాలో పడాలా? పన్ను మాట ఏమిటి?

నీవాతీరం (చిత్తూరు)

సహకార సంఘం ఖాతాలో పెట్టండి. పంచాయతీ ఖాతాలో పడిన డబ్బు వేరే పద్దుకు పోతే బోల్టులు బిగించే మనిషికి జీతం ఉండదు. ఎగ్‌లో కూడా కరెంటు సంస్థను ట్రస్టు కింద విడి కంపెనీగా పెట్టుకున్నారు, లెక్కలు కలవకుండా. సరుకుల అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు. రెండు టన్నుల ఐసుతో ఆ గీత దాటడం కష్టం. సంఘం బడి కప్పుకు అద్దె కట్టాలి, ఎంత చిన్న మొత్తమైనా సరే, రాతపూర్వకంగా, పదిహేనేళ్లకు తగ్గకుండా. లేకపోతే ఎప్పుడో ఒక రోజు ఎవరో వచ్చి, ఈ కప్పు మాది, పలకలు దించండి అంటారు.

ఇంటి పన్ను గురించి ఒకటి అడిగి రండి. దీవిలో తాళం వేసిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో, వాటి యజమానులు సూళ్లూరుపేటలో ఉన్నారా, చెన్నైలో ఉన్నారా అని.